గుమ్మం దాటనివ్వని అత్తగారు

మా అమ్మను సినిమాల్లో చూసినవాళ్లు ఆవిడ పుట్టడమే ముసలమ్మగా పుట్టిందనుకుంటారు. తెల్లచీర, నెరిసిన ముడి, ఒళ్లో పత్తిబుట్ట, నోటినిండా తిట్లు. పెళ్లిళ్లలో నన్ను ఆపి "మీ అమ్మగారు ఇంట్లో కూడా అలాగే తిట్టేవారా అండీ?" అని అడిగినవాళ్లకు లెక్కలేదు. ఇంట్లో ఇంకా బాగా తిట్టేదని చెబుతాను. హాస్యమాడుతున్నాననుకుని నవ్వుతారు.

నిజానికి సినిమాల్లోకి వెళ్లాల్సింది నేను. ఇది నా డప్పు నేను కొట్టుకోవడం కాదు. అరవైల చివర్లో మా విజయనగరంలో నాటకాలాడే ప్రతివాడూ ఆ మాటే అనేవాడు. ఆ పొడుగేమిటి, ఆ కళ్లేమిటి, ఏడిస్తే వెనక వరుసలో వాడిక్కూడా కన్నీటిబొట్టు కనిపించడమేమిటి, ఈ పిల్ల మద్రాసులో ఉండాల్సింది అనేవారు. పదిమంది అన్నమాట నమ్మడానికి నాకేం కష్టం? నమ్మేశాను.

మా నాన్న పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. నా చిన్నప్పుడే పోయాడు. ఆయన పోయినా నాటకాలవాళ్లు మా గడప మానలేదు. నాకు చీర కట్టడం వచ్చేసరికి వాళ్లే వచ్చి వేషం కడతావా అని అడిగారు. అప్పట్లో నాటకాలాడేది ఆఫీసు గుమస్తాలు, బడిపంతుళ్లు, మిల్లుల్లో పద్దులు రాసేవాళ్లు. వాళ్ల ఇళ్లలో ఆడపిల్లల్ని మాత్రం స్టేజీ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. అందుకని ఎన్ని సమాజాలున్నా ఆడవేషాలకు ఉన్నది మేం కొద్దిమందిమే. ఒకే ఊళ్లో, ఒకే పోటీల్లో, ఒక సమాజానికి భార్యనీ ఇంకో సమాజానికి చెల్లెల్నీ అయ్యేదాన్ని. నాకు పోటీ నేనే. ఒకసారి చెల్లెలి వేషంలో ఓడిపోయి భార్య వేషంలో గెలిచాను. ఓడిన సమాజంవాళ్లు "ఆళ్లకి బాగా ఏడిసింది, మాకు తక్కువ ఏడిసింది" అని చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

ఆడపిల్ల వేషం కట్టడానికి ఎక్కడికి వెళ్తే తల్లి కూడా అక్కడికి వెళ్లాలి. అది అప్పటి కట్టుబాటు. మా అమ్మది పొందూరు. అక్కడి ఆడవాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి వెళ్లొస్తే గానీ ఆ పత్తి వాళ్ల సన్న నూలుకు పనికిరాదు. పెళ్లై విజయనగరం వచ్చినా అమ్మ చేతికి ఆ పని పోలేదు. మేం రిహార్సలు చేసే గదిలో ఓ మూల చాప వేసుకుని, పత్తిబుట్ట ముందు పెట్టుకుని, చేప దవడతో దువ్వుతూ కూర్చునేది. తల ఎత్తినట్టే ఉండేది కాదు, కానీ హీరో నా చెయ్యి పట్టుకోవాల్సిన చోటు వచ్చిందంటే మాత్రం దగ్గేది. ఆ దగ్గుకి ఎంతటి హీరో అయినా చెయ్యి వదిలేసేవాడు.

నాటకాల మీద ఆవిడకి పెద్ద గౌరవం ఏమీ లేదు. ఇంటికి వచ్చాక అన్నం వడ్డిస్తూ, "అదేటే, ఆ కోడలు పిల్ల అంతసేపు ఏడుస్తాది, ఒక్కలైనా అన్నం తిన్నావా అని అడగరేటి?" అనేది. అది నాటకం అమ్మా అంటే, "నాటకంలో ఆకలెయ్యదేటి?" అనేది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు నాకు తెలిసి లేరు.

ఆ యేడు రాజాంలో నాటక పోటీలు పెట్టారు. మా తాలూకాఫీసు గుమస్తాల సమాజం కొత్త నాటకం తయారుచేసింది. రాసిందీ, ఆడించేదీ హెడ్ గుమస్తాగారే. కథ మామూలే. గయ్యాళి అత్త, నోట్లో నాలుక లేని కొడుకు, మధ్యలో నేను, కోడల్ని. చివరి రంగంలో అత్త "పో బయటికి" అంటుంది. నేను మూట పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఒక పేజీడు మాటలు చెప్పి, గుమ్మం దాటి వెళ్లిపోతాను. తెర. ఆ పేజీ కోసమే నాటకమంతా ఉందని నా ఉద్దేశం. నూతి దగ్గర చెప్పాను, బియ్యం ఏరుతూ చెప్పాను, దండెం మీద బట్టలకు చెప్పాను. పక్కింటి మేక నన్ను చూస్తే పక్కకు తప్పుకునేది.

అంత పట్టు ఎందుకంటే, బహుమతులు ఇవ్వడానికి మద్రాసు నుంచి ఒక సినిమా డైరెక్టరు వస్తున్నాడని తెలిసింది. పోటీలు జరిపే బియ్యం మిల్లు షావుకారుకు ఆయన చుట్టం. ఆయన కంట్లో పడితే చాలు, ఆ పేజీ నన్ను మద్రాసు చేర్చేస్తుంది. నేను సెంట్రల్ స్టేషన్‌లో ఏ చీర కట్టుకుని దిగాలో కూడా నిర్ణయించేసుకున్నాను. అమ్మ ఆ చలికాలమంతా వడికిన నూలులో సన్నటి చిలపలు వేరే పెట్టి, పొందూరు పంపి, సన్నంచు తెల్లచీర నేయించింది. పెట్టెలో అడుగున పెడుతూ, "నీ మద్రాసు సీర" అంది. అంతే.

రాజాంలో మిల్లు ముందు, ధాన్యం ఆరబోసే కళ్లంలో పందిరి వేశారు. మొదటి నాటకం మాదే. పొద్దు వాలుతుండగా తెర లేవాలి. మగవాళ్లొక పక్క, ఆడవాళ్లొక పక్క జనం కిటకిటలాడుతున్నారు. ముందు వరుసలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని మద్రాసాయన కూర్చుని ఉన్నాడు. నేను తెర సందులోంచి ఆయన్ని చూసి మురిసిపోతున్నాను. అంతలో శ్రీకాకుళం బస్సు కండక్టరు వచ్చి గుమస్తాగారితో ఓ కబురు చెప్పి వెళ్లాడు. అత్త వేషం కట్టే ఆవిడ రాదు. అదే రోజుకి శ్రీకాకుళంలో ఇంకో సమాజానికి మాటిచ్చి మర్చిపోయిందట. ఏమీ అనుకోవద్దందట.

గుమస్తాగారు ధాన్యం బస్తా మీద కూలబడ్డారు. చెప్పిన వేళకు తెర లేవకపోతే పోటీలోంచి తీసేస్తారు. తబలా ఆయన్ని మీసం తీసి అత్త వేషం కట్టమంటే, మీసం మొక్కుదన్నాడు. ఆ తర్వాత అందరి చూపూ మెల్లగా మూలనున్న చాప మీదికి వెళ్లింది.

"అప్పా, నువ్వే కట్టాల," అన్నారు గుమస్తాగారు. మా వైపు అక్కను అప్ప అంటారు.

"ఏటి కట్టాల?"

"అత్త ఏసం."

"నీకేటైనా మతి పోయిందేటి బాబూ? సంసారం సేసుకునేదాన్ని, నాను ఏసాలు కడతానేటి?" అంది మా అమ్మ, వేషం కట్టి పక్కనే నిలబడ్డ కూతురి ముందు.

నాకు కోపం వచ్చింది గానీ కోపానికి అది వేళ కాదు. వెళ్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. "అమ్మా, మద్రాసాయన వొచ్చి కూకున్నాడు. తెర లెగకపోతే నన్ను ఎవలు సూస్తారు? నువ్వు ఊరికే కూకో. నోటికొచ్చింది అను. కడాకర్ని మట్టుకు 'పో బయటికి' అను. మిగతాది నాను సూసుకుంటాను."

అమ్మ నా మొహంలోకి చూసింది. నా కళ్లకు కాటుక అప్పటికే కరుగుతోంది.

"అంతేనా?"

"అంతే."

"నా పత్తి తెచ్చుకోనా? సేతులు ఊరికే ఉంటే నాకు తోచదు."

తెచ్చుకోమన్నాను. జుట్టుకు కాస్త తెల్లరంగు రాశారు. మా దగ్గరున్న తెల్లచీర ఒక్కటే, అది నా మద్రాసు చీర. మద్రాసాయన ముందు కట్టుకుంటే శుభమని పెట్టెలో వేసుకొచ్చాను. కోడలికి ఎర్రచీరే ఉండాలని గుమస్తాగారు అనడంతో మిగిలిపోయింది. అమ్మ దాన్నే కట్టుకుంది.

తెర లేచింది. అమ్మ పీట మీద కూర్చుని పత్తి దువ్వుతోంది. జనాన్ని చూసి బెదరలేదు. బెదరకపోగా ముందు వరుసలో ఉన్న పొందూరు ఆవిడెవరినో గుర్తుపట్టి, "ఏటే, నువ్వెప్పుడొచ్చావు? పిల్లలు బాగున్నారా?" అంది. ఆవిడ కూడా అక్కడినుంచే, "ఇప్పుడే అప్పా, బస్సు దొరకనేదు," అంది. జనం గొల్లుమన్నారు. ఇదేదో కొత్తరకం నాటకమనుకున్నారు. తెర పక్కన గుమస్తాగారు నుదురు కొట్టుకున్నారు.

తర్వాతి రంగం అత్తకీ కొడుక్కీ మధ్య. నేను ఉండను. కొడుకు వేషం కట్టిన పంతులుగారు వచ్చి నిలబడ్డారు. అమ్మకు ఏం అనాలో తోచలేదు. చెయ్యి ఆగిపోయింది. మొహం అటూ ఇటూ తిప్పుతోంది, నన్ను వెతుకుతోందని నాకు అర్థమైంది. వెనక తెర చాటున పరుగెత్తి, ఆవిడకు ఎదురుగా, జనానికి కనపడని చోట నిలబడ్డాను. నన్ను చూడగానే ఆవిడ మొహం తేటపడింది. నోరు కూడా విడింది.

"నీ పెళ్లాం సంగతి నన్నడక్కురా బాబూ. పొద్దెక్కినదాకా లెగదు. బియ్యంలో రాళ్లేరమంటే ఏరదు, తనలో తనే మాటాడుకుంటాది. నూతికాడ నిలబడి ఏడుస్తాది. ఎందుకే అంటే, ఏడుపు సరిగ్గా వస్తాదా లేదా అని సూస్తన్నానంటాది!"

అవన్నీ నా మీద ఫిర్యాదులు. ఒక్కటి కల్పించింది లేదు. నన్నే చూస్తూ, ఇంట్లో అన్నట్టే అంటోంది. ఆడవాళ్ల వైపు ఒకటే నవ్వులు. నేను తెర పక్కన నిలబడి పళ్లు నూరుతున్నాను. సరే, నీ పని అయిపోనీ, నా పేజీ వస్తుంది అనుకున్నాను.

నా పేజీ దగ్గరికి వచ్చింది. అప్పటికి పొద్దు గూకిపోయి, పందిట్లో దీపాలు వెలిగిస్తున్నారు. నేను అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుని ఏడవడం మొదలుపెట్టాను. ఆ రోజు ఏడుపు అమోఘంగా వచ్చింది. వెనక వరుసలో ముక్కులు చీదడం వినిపించింది. పంతులుగారు, "అమ్మా, దీన్ని ఏం చెయ్యమంటావు?" అన్నారు. ఇప్పుడు అమ్మ "పో బయటికి" అనాలి.

అమ్మ అనలేదు. దువ్వడం ఆపి నా మొహంలోకి చూస్తోంది.

"పొమ్మను," అన్నాను పళ్ల మధ్య నుంచి.

"ఎందుకు పొమ్మంటాను?" అంది అందరికీ వినపడేలా.

ఇక లాభం లేదని నేనే లేచాను. మూట తీసుకుని గుమ్మం దాకా నడిచాను. చెక్క గుమ్మం మీద చెయ్యి వేసి, మెడ తిప్పి, మద్రాసాయన కూర్చున్న వైపు కళ్లెత్తి, పేజీ మొదలుపెట్టడానికి నోరు తెరిచాను.

"ఎక్కడికెల్తన్నావే? కూకో."

నోరు తెరిచినట్టే ఉండిపోయాను.

"దీపాలెట్టే ఏళ బయటికెల్తావేటి? పొద్దున్నుంచీ ఏటీ తిన్నేదు, ఇలగొచ్చి కూకో." తర్వాత పంతులుగారి వైపు తిరిగింది. "ఒరే, దీని కళ్లు సూడు ఎలగ వాసిపోయాయో. ఇంత ఏడిపించినోడివి నువ్వు పో బయటికి."

పంతులుగారు క్రమశిక్షణ గల మనిషి. తల్లి పొమ్మంది, తలొంచుకుని గుమ్మం దాటి వెళ్లిపోయారు. అమ్మ నా చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టి, "ఏడిసింది సాలు, ఈ పత్తి అందుకో," అని ఒళ్లో ఇంత పత్తి పడేసింది. ఆ తర్వాత ఆడవాళ్ల వైపునుంచి చప్పట్లు మొదలై పందిరంతా పాకాయి. ఎవరో ముసలమ్మ, "అలాటి అత్తుంటే ఎవలు ఇల్లిడిసి పోతారే తల్లీ," అని బావురుమంది. గుమస్తాగారే వచ్చి తెర లాగేశారు. అమ్మ చేతిలో ఉన్న పిడికెడూ దువ్వడం అయ్యేదాకా లేవలేదు.

లోపలికి వచ్చాక నేను ఏడ్చిన ఏడుపు ఆ రోజుకల్లా అసలైన ఏడుపు. "నా పేజీ మింగీసావు! ఒక్క మాట, 'పో బయటికి' అని ఒక్క మాట అన్నేకపోయావు!"

"సంజేళ," అంది అమ్మ. "పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నా బిడ్డని ఇంట్లోంచి పొమ్మని నా నోటితో నానంటానేటి? ఆళ్లు తథాస్తు అంటే?"

"అది నాటకం!"

"దేవతలకి తెలుస్తాదేటి అది నాటకమని?"

అంతలో నల్లకళ్లద్దాలు లోపలికి వచ్చాయి. కళ్లు తుడుచుకున్నాను, పైట సర్దుకున్నాను, నాకు చేతనైనంత అందంగా నవ్వాను. ఆయన కూడా మర్యాదగా నవ్వి, నన్ను దాటి వెళ్లి, "ఆ పత్తి దువ్వినావిడేరీ?" అని అడిగాడు.

అమ్మను చూసి ఆశ్చర్యపోయాడు. అప్పటికి ఆవిడకు నలభై దాటాయో లేదో. ఎన్నాళ్లుగా నటిస్తున్నారని అడిగితే "ఏటి నటించడం?" అంది. మద్రాసు వస్తే తన సినిమాలో ముసలి అత్తగారి వేషం ఇస్తానన్నాడు. అమ్మ చేప దవడ బుట్టలో పెట్టి, "ఒక్కర్తినీ రాను బాబూ. ఎక్కడికెళ్లినా నానూ నా కూతురూ కలిసే ఎల్తాం," అంది.

నాటకానికి బహుమతి రాలేదు. నీతి తారుమారైందన్నారు జడ్జీలు. గుమస్తాగారు మాత్రం తర్వాత ఊరూరా ఆ కొత్త ముగింపుతోనే ఆడించి, అది తనకే తట్టిందని చెప్పుకున్నారు. నేను తిరుగు బస్సులో అమ్మ పక్కన కూర్చోలేదు. ఇంట్లో అన్నం పెడితే తిన్నాను గానీ మాట్లాడలేదు. అక్కసు అంటే ఏమిటో ఆ రోజుల్లో నాకు బాగా తెలిసింది. కన్నతల్లి మీద అక్కసు మరీ ఇబ్బంది, ఎవరితోనూ చెప్పుకోడానికి లేదు. ఒక రోజు అమ్మే పెట్టె సర్దుతూ అంది.

"గుంటా, నువ్వు రానంటే నానూ ఎల్లను. నాకేటి పని ఆడ? నన్ను సూడ్డానికి పిలిసినా, నా పక్కన నువ్వుంటే ఎవలో ఒకలు నిన్ను సూడరేటి అని గదా."

ఆ మాటతో నా కోపం సగం చచ్చింది. మిగతా సగం మద్రాసు దాకా తీసుకెళ్లాను.

స్టూడియోలో మొదటి రోజు. గుమ్మం, పీట, పత్తిబుట్ట, అన్నీ రాజాంలోలాగే పెట్టారు. ఆ మాట కూడా అదే కావాలన్నాడు డైరెక్టరు. కోడలి వేషం కట్టిన హీరోయిన్ తన భాగం చెప్పేసి, మేకప్ తుడుచుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు అమ్మ మొహం ఒక్కటే తీస్తారట. కెమెరా పక్కన గాలిలోకి చూసి మాట్లాడమన్నారు. అమ్మ చూసింది. నోరు పెగల్లేదు. మళ్లీ తీశారు, మళ్లీ పెగల్లేదు. "మనిసి లేకండా ఏటి మాటాడతాను?" అని విసుక్కుంది. డైరెక్టరు తల పట్టుకున్నాడు. రాజాంలో వెనక తెర చాటున పరుగెత్తడం నాకు గుర్తొచ్చింది. ఎవర్నీ అడక్కుండా వెళ్లి కెమెరా పక్కన నిలబడ్డాను.

అమ్మ నన్ను చూసింది. "ఎక్కడికెల్తన్నావే? కూకో," అంది. డైరెక్టరు కట్ చెప్పడం మర్చిపోయాడు.

అది మొదలు. అక్కడినుంచి ఆవిడ ఎన్ని సినిమాల్లో చేసిందో, ఎంతమంది హీరోలకు తల్లీ నాయనమ్మా అయిందో చూసినవాళ్లకు తెలుసు. ముసలితనంలో టీవీ సీరియళ్లలో కూడా చేసింది, "ఈ పెట్టెలో మరీ సిన్నగా కనిపిస్తన్నానే" అని నవ్వుకుంటూ. నన్ను కూడా ఒకరిద్దరు చూశారు. హీరోయిన్ పక్కన పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. స్టేజీ మీద అంత పనికొచ్చిన నా కళ్లు ఆ దీపాలకు టపటపా కొట్టుకునేవి. రెండు మూడు సినిమాలు అయ్యాక నాకే నవ్వొచ్చి మానేశాను. చాప మీద కూర్చునే పని నాకు వచ్చింది, దగ్గే పని కూడా. షాటు మధ్యలో అమ్మ లైటు పట్టుకున్న కుర్రాణ్ణి భోజనం చేశావా అని అడగబోతే నేను దగ్గేదాన్ని.

మొదటి సినిమా విజయనగరం వచ్చినప్పుడు మా వీధి వీధంతా హాలుకు వెళ్లింది. నా మద్రాసు చీర కట్టుకుని అమ్మ తెర మీద కూర్చుంది. అదైనా మద్రాసు వెళ్లిందిలే అనుకున్నాను. గుమ్మం దగ్గర హీరోయిన్ వెనక్కి తిరిగింది. అమ్మ తలెత్తి ఆ మాట అంది. హాల్లో ఆడవాళ్లంతా కళ్లొత్తుకున్నారు, ఆ చూపు చూశావా, సొంత కూతుర్ని చూసినట్టు చూసింది అనుకుంటున్నారు. ఆ చూపు హీరోయిన్ కోసం కాదని ఆ హాల్లో తెలిసినది ఇద్దరికే. ఆ ఇద్దరిలో ఒకావిడ నా పక్కన వేరుశెనక్కాయలు వలుచుకుంటోంది. నా మిగతా సగం కోపం ఎక్కడ పడిపోయిందో వెతకలేదు.

ఆ తర్వాత ప్రతి సినిమాకీ అంతే. అమ్మ ఒంటరి షాటు ఉందంటే నేను కెమెరా పక్కన ఉండాలి. ఆవిడ ఎంతమందిని తిట్టిందో, దీవించిందో, ఎంతమందిని కడుపులో పెట్టుకుందో, అవన్నీ నన్ను చూస్తూ చేసినవే.

అమ్మ పోయి చాలా కాలమైంది. మధ్యాహ్నాలు టీవీలో అప్పుడప్పుడు ఆ పాత నలుపు తెలుపు సినిమా వేస్తారు. మొన్న కూడా వేశారు. సగం చూసి, పొయ్యి మీద పాలున్నాయని గుర్తొచ్చి లేచాను. వంటగది గుమ్మం దాకా వెళ్లాను.

"ఎక్కడికెల్తన్నావే? కూకో."

వెనక్కి తిరిగి చూశాను. సరిగ్గా నావైపే చూస్తోంది. పాలు పొంగితే పొంగాయని వచ్చి కూర్చున్నాను.